పసుపు రంగు క్యాసెట్లో గుర్రం

మొన్న మధ్యాహ్నం మావాడు వచ్చి నా పక్కన చతికిలబడి, "అమ్మా, మీ కాలం వీడియో గేములన్నీ ఫోన్లోకి ఎక్కించినాను, చూడు" అన్నాడు. నేను చూడలేదు. ఎవరిచ్చారని అడిగాను. ఊరికే వచ్చాయన్నాడు. ఊరికే వచ్చిందంటే చాలు, నాకు అనుమానం. నా ఒక్కదానికే కాదు, మా ఇంట్లో అందరికీ అది పుట్టుకతో వచ్చిన గుణం. పాలాయన పాలు పోస్తుంటే మేము పాలను చూడం, ఆయన ముఖం చూస్తాం. బియ్యం బస్తా విప్పితే పైన కనపడే గింజల్ని నమ్మం, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్నవి తీసి చూస్తాం.

వాడు విసుక్కుంటూ ఫోన్ నా ముఖం ముందు పెట్టి వేలితో జరుపుతూ పోయాడు. కారు, విమానం, ఇటుకల గోడ, గెంతే మనిషి. అన్నీ నాకు తెలిసినవే. అన్నీ ఒకప్పుడు నన్ను నిలువునా మోసం చేసినవే. వాటి మధ్యలో పసుపు రంగు మీద ఒక గుర్రం బొమ్మ కనపడి దాటిపోయింది.

"ఆపు" అన్నాను. "వెనక్కి పో."

నా గొంతు ఎట్లా ఉందో ఏమో, వాడు బెదిరిపోయి నా వైపు చూశాడు.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. మార్కాపురంలో అప్పట్లో మీ నాయన ఏం పని చేస్తాడని బళ్ళో ఎవరినడిగినా సగం మంది అదే చెప్పేవాళ్ళు. కానీ మా నాయన పని వేరు. ఆయన రాయి చీల్చడు, కొయ్యడు, చెక్క ఫ్రేములు బిగించడు. ఆయన వింటాడు. పలకను ఎడమచేతి వేళ్ళ కొసల మీద నిలబెట్టి, కుడిచేతి నడిమివేలు మడిచి, కణుపుతో ఒక్కటి తట్టి చెవి వంచేవాడు. ఖంగుమంటే "నికరం" అనేవాడు, లోపం లేని సరుకని. చప్పగా, తడిగోడను కొట్టినట్టు వస్తే లోపల ఎక్కడో కంటికి కనపడని చీలిక ఉన్నట్టు. అప్పుడు "పక్కన" అనేవాడు. పొద్దస్తమానం ఆ రెండు మాటలే. ఆయన నికరమన్న పలకను ఓనరు మళ్ళీ చూసేవాడు కాదు.

ఆ అలవాటు ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి వచ్చే మనిషి కాదాయన. టెంకాయ, గుమ్మడికాయ, కొత్త కుండ, అద్దెకు చూడబోయిన ఇంటి గోడ, ఏదైనా ముందు తట్టాల్సిందే. మా మేనత్తకు సంబంధం వస్తే పెళ్ళికొడుకు వీపు మీద ఆప్యాయంగా తట్టి మాట్లాడి, ఇంటికొచ్చి "పక్కన" అన్నాడట. ఆ పెళ్ళి జరగలేదు. ఆయన చొక్కాకు ఎప్పుడూ తడిసిన రాతి వాసన. తొలి చినుకులు పడి నేల వాసన వచ్చినప్పుడల్లా నాకు ఆ చొక్కానే గుర్తొస్తుంది.

ఇక మా జేజి, అంటే నాయన తల్లి, ఆయనను మించింది. ఆవకాయ జాడీ మూతికి గుడ్డ కట్టి, తనకు మాత్రమే తెలిసిన ముడి వేసేది. నేనూ తమ్ముడూ ఆమె పక్కనే కూర్చుని కథలు చెప్పించుకుంటూ ఆ ముడి నేర్చుకున్నాం. ఆమె కనిపెట్టి ముడి మార్చింది. మేము మళ్ళీ నేర్చుకున్నాం. ఆఖరికి ఒకరోజు విప్పితే ఆవకాయ మీద ఆమె వేలితో గీసిన గీత ఉంది. ఒక్క ముక్క తీసినా గీత చెదిరి తెలిసిపోతుంది. ఆ ఎండాకాలమంతా మాకు ఉత్త మజ్జిగన్నమే గతి అయింది.

ఇట్లాంటి ఇంటికి మా మామ ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు.

మామ అంటే అమ్మకు తమ్ముడు. వాళ్ళది అర్ధవీడు దగ్గర పల్లె. కాస్త మెట్ట, నాలుగు మేకలు. వానలు మొహం చాటేసినప్పుడల్లా మామ ఏదో ఒక పట్నానికి పనికి పోయేవాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన దగ్గర డబ్బులుండేవి కాదు గాని కథలుండేవి. ఒకసారి గిద్దలూరు నుంచి నంద్యాల పోయే అడవి దారిలో బస్సు కిటికీలోంచి పెద్దపులిని చూశానన్నాడు.

"బస్సులో మిగతావాళ్ళు ఏం జేస్తన్నారప్పుడు?" అంది జేజి.

"నిద్రపోతన్నారత్తా."

"డ్రైవరు గూడానా?"

మామ నవ్వేశాడు. ఆయన మీద మా ఇంట్లో ఉన్న నమ్మకం అంతటిది. అమ్మ ఒక్కతే, కూర తరుగుతూ తల ఎత్తకుండా, "వాడు అందరికీ కోతలు కోస్తాడేమో, నా పిల్లలకు మాత్రం కొయ్యడు" అనేది. ఆ మాట ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

ఈసారి మామ వచ్చింది కథ చెప్పడానికి కాదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, నాయన ముందు గొంతుక్కూర్చుని, "బావా, ఇంక ఊర్లెంట తిరగలేను. మీ ఫ్యాక్టరీలో ఫ్రేములు బిగించే పని ఇప్పించు. నువ్వొక మాట చెప్తే ఓనరు కాదనడు" అన్నాడు. ఆ ఫ్యాక్టరీలో లోపలి మనిషి ఎవరైనా పూచీ పడితేనే కొత్తవాణ్ణి తీసుకునేవాళ్ళు. మా నాయన ఇంతవరకు ఒక్కరికీ పూచీ పడలేదు. పడితే ఓనరు మారు మాట్లాడడని అందరికీ తెలుసు.

నాయన మామను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "సోమవారం దాకా ఉండు. చూద్దాం" అన్నాడు. వేలు ఆడించలేదు గాని, తట్టి చూడబోతున్నాడని ఇంట్లో అందరికీ అర్థమైంది. అమ్మ ఆ పూట అందరికీ రెండోసారి సంగటి పెట్టింది.

అట్టపెట్టెలో ఉన్నది వీడియో గేము. మా కోసం గిద్దలూరులో కొన్నాడట. పెట్టె మీద బొమ్మలు చూసి మాకు మతిపోయింది. మంటలు కక్కే కారు, మబ్బుల్లో పల్టీ కొట్టే విమానం, కత్తి దూసిన రౌతు, వెనక ఎర్రటి కొండలు. కింద పెద్ద అక్షరాలతో వెయ్యి ఆటలని రాసుంది. నేను అప్పటికే ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగేదాన్ని. మళ్ళీ మళ్ళీ చదివాను. వెయ్యే.

నాయనకు తెలియకుండా నేనూ తమ్ముడూ మామ సంచి కూడా వెతికాం. నిజంగా పట్నంలో పని చేశాడా, లేక ఎక్కడో తిరిగొచ్చాడా తేల్చుకుందామని. తువ్వాలు, చేతి అద్దం, కాగితంలో చుట్టిన సబ్బు ముక్క, తలనొప్పి మందు డబ్బా. ఏదీ తేలలేదు. తమ్ముడు సబ్బు వాసన చూసి, "పట్నం సబ్బే" అన్నాడు. నేను నమ్మలేదు.

ఆ ఎండాకాలం పగలు కరెంటు ఉండేది కాదు. సాయంత్రం వస్తే వచ్చినట్టు. కరెంటు రాగానే మామ పెట్టెలో క్యాసెట్టు గుచ్చి, దాని తీగను మా చిన్న టీవీకి తగిలించాడు. నాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పిక్చర్ ట్యూబు పోతాదంట గదా దీనివల్ల" అన్నాడు. "పోదు బావా" అన్నాడు మామ. జేజి లేచి టీవీ వీపు మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, వచ్చి కూర్చుంది. ఆట ఆడినంతసేపూ ఆమె అట్లా లేస్తూనే ఉంది.

తెర మీద కారు వచ్చింది. అగ్గిపెట్టెలంత గళ్ళు నాలుగు అతికించినట్టుంది. మంటలు లేవు. పైగా కారు కదలదు, రోడ్డే కదులుతుంది. నాకు అక్కడే అనుమానం మొదలైంది. విమానం ఆటలో మబ్బులు లేవు, పల్టీలు లేవు, అది పైకీ కిందికీ జరుగుతూ చుక్కలు ఉమ్ముతుంది. తర్వాత ఇటుకల గోడ, ఆ తర్వాత గెంతే మనిషి. సరే, ఇంకా బోలెడున్నాయి కదా అని ఐదో ఆట పెట్టాం. మళ్ళీ కారు వచ్చింది. ఈసారి రోడ్డు రంగు వేరు. ఆరోది పెడితే విమానం, కాస్త కింద నుంచి మొదలవుతుంది. తమ్ముడు బొటనవేలు వాచేదాకా మీట నొక్కుతూ జాబితా చివరి దాకా పోయాడు. నాలుగే నాలుగు ఆటలు. పేర్లు మాత్రం వెయ్యి.

"పొద్దున పెసరపప్పు, మధ్యాహ్నం ముద్దపప్పు, రాత్రికి పప్పుచారు. తినేది మాత్రం అదే పప్పు" అంది జేజి, చాలా తృప్తిగా.

తమ్ముడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ పెట్టె మీద కొండలు గీసిన మనిషి దొరికితే కొరికేసేదాన్ని. నాయన మాత్రం టీవీని చూడడం లేదు. మామను చూస్తున్నాడు.

మామ ముఖం మాడిపోయింది. "కాదు బావా. పట్నంలో నా జతగాని రూములో ఇట్లాంటి పెట్టెలోనే నేను ఆడినా. గుర్రం ఆట ఉంది. గుర్రం మీద కొండలు, వాగులు దాటుకుంటా పోతే చివర్లో ఒక ఇల్లు వస్తాది. ముసిలామె దీపం పట్టుకొని బయటికి వస్తాది. వాళ్ళ క్యాసెట్టు పసుపు రంగుది. అంగడాయన అన్నీ దీంట్లోనే ఉన్నాయంటే నమ్మి తెచ్చినా."

"పులిని ఎక్కి పోలేదా?" అంది జేజి.

నాయన నవ్వలేదు. "అయితే పోదాం పద. ఆదివారం నేనే వస్తా గిద్దలూరికి" అన్నాడు. అమ్మ వంటింటి గడపలో నిలబడి వింటోంది. ఆ ఆటతో మామ సంగతి ముడిపడిపోయిందని ఆమెకూ తెలిసిపోయింది.

ఆదివారం నాయన, మామ, నేను, తమ్ముడు బస్సెక్కాం. అమ్మ జొన్నరొట్టెల్లో చెనక్కాయ పొడి చల్లి, ఎర్రగడ్డ ముక్కలు పెట్టి మూట కట్టింది. కంభం బస్టాండులో ఉడకబెట్టిన చెనక్కాయలమ్మేవాళ్ళు కిటికీల దగ్గరకి ఎగబడ్డారు. మామ కొనిచ్చాడు. నాయన ఒక కాయ తీసుకుని, చెవి దగ్గర పెట్టి ఆడించి, ఆ తర్వాతే ఒలిచాడు. దారి పొడుగునా మామ మాకు గుర్రం ఆట గురించి చెబుతూనే ఉన్నాడు. వాగు దాటేటప్పుడు మీట ఎట్లా నొక్కాలో వేలితో నా అరచేతిలో నొక్కి చూపించాడు. ఇంత వివరంగా చెబుతున్నాడంటే కచ్చితంగా కల్పించి చెబుతున్నాడని నేననుకున్నాను.

ఆ అంగడిలో పాటల క్యాసెట్లు, రేడియోలు, గోడ గడియారాలు అమ్మేవాళ్ళు. కరెంటు లేదు. అంగడాయన ఉత్త బనియన్తో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు. నాయన సంగతి చెప్పాడు. మొదట ఆయన ఒప్పుకోలేదు. నాయన గొంతు పెంచలేదు, అక్కడి నుంచి కదలలేదు కూడా. వచ్చినవాళ్ళు ఏంది ఏందని ఆగి వింటుంటే అంగడాయనకే ఇబ్బందై, గేము క్యాసెట్లన్నీ తీసి బల్ల మీద పోశాడు. "ఒకటి మార్చుకోండి. మళ్ళీ తెస్తే మాత్రం తీసుకోను. పెట్టి చూపిద్దామంటే కరెంటు లేదు" అన్నాడు.

మామ చెయ్యి నేరుగా ఒకదాని మీదకి పోయింది. పసుపు రంగుది. పైన అంటించిన కాగితం సగం చిరిగిపోయి, గుర్రం వెనక కాళ్ళు మాత్రం మిగిలాయి. "ఇదే బావా. ఇదే."

నాయన దాన్ని తీసుకున్నాడు. వేళ్ళ కొసల మీద నిలబెట్టాడు. నడిమివేలు మడిచాడు. తట్టాడు. చెవి వంచాడు. అది డొల్లగా, ఖాళీ అగ్గిపెట్టెలాగా మోగింది. ఆడిస్తే లోపల ఏదో చిన్నది లొటలొటలాడింది. దాన్ని బల్ల మీద పెట్టేసి ఇంకొకటి తీసుకున్నాడు. నల్లటిది, బరువైనది, మీద పది వేల ఆటలని రాసుంది. తట్టాడు. గట్టిగా, నిండుగా పలికింది. మళ్ళీ తట్టాడు. ఆయన ముఖంలో ఫ్యాక్టరీలో కనిపించే వెలుగు వచ్చింది.

"నికరం" అన్నాడు.

"బావా, అది కాదు. గుర్రం దీంట్లో ఉంది" అన్నాడు మామ మెల్లగా.

"దాంట్లో ఏముందిరా? ఉత్త డొల్ల. పది వేల ఆటలు పట్టాలంటే లోపల సరుకుండొద్దా?"

"నీకు భలే చెవి ఉందన్నా" అన్నాడు అంగడాయన. ఆ మాటతో నాయన ఇంకేమీ వినలేదు. నల్లదాన్ని జేబులో వేసుకున్నాడు. మామ పసుపుదాన్ని చివరిసారి చేతిలోకి తీసుకుని, చిరిగిన కాగితాన్ని బొటనవేలితో అదిమి, అక్కడే పెట్టేశాడు. తిరుగు బస్సులో ఆయన మాకు ఏమీ చెప్పలేదు. నేనూ కావాలనే అడగలేదు.

సాయంత్రం కరెంటు వచ్చింది. నల్ల క్యాసెట్టు పెట్టాం. కారు వచ్చింది. విమానం వచ్చింది. ఇటుకల గోడ, గెంతే మనిషి. ఐదోది కారు.

జేజి టీవీ వీపు ముట్టుకోవడానికి కూడా లేవలేదు. నాయన తెర వైపు చూస్తూనే తన లెక్క బయటపెట్టాడు. "వాడు పసుపుదే, పసుపుదే అని ఎందుకు పట్టుబట్టినాడు? దాన్ని నేను పక్కన పెట్టాలనే. నన్ను నల్లదాని మీదికి తోలినారు. అంగడాయనా వీడూ ఇద్దరూ ఒకటే." ఇప్పుడు తలుచుకుంటే ఇంతకన్నా తిక్క మాట ఉండదనిపిస్తుంది. ఆ సాయంత్రం మాత్రం నాకు అది ఎంతో తెలివైన మాటగా తోచింది. మా నాయన చెవి తప్పు పోతుందని నమ్మడం కంటే, గిద్దలూరు ఊరంతా కలిసి కుట్ర చేసిందని నమ్మడం మాకు తేలిక.

"రేపు సోమవారం గదా. వాని సంగతి..." అంది అమ్మ.

"పక్కన పెట్టు" అన్నాడు నాయన.

మామ పెరట్లో తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు చప్పుడు ఆగిపోయింది. విన్నాడు.

పొద్దున్నే సంచి సర్దుకున్నాడు. నాయన అప్పటికే పనికి పోయాడు. అమ్మ సద్ది కట్టిచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. గేము పెట్టె మా కోసమే వదిలేశాడు మామ. గడప దిగి, మళ్ళీ వెనక్కొచ్చి నా ముందు వంగి, "పాపా, గుర్రం ఆట ఉంది. ముసిలామె దీపం పట్టుకొని వస్తాది. నేను చూసినా" అన్నాడు. సరేనన్నట్టు తలాడించాను. నమ్మలేదు. ఆయనకూ తెలుసు, నేను నమ్మలేదని.

ఆ తర్వాత వారం తిరక్కముందే తమ్ముడు వంటింటి కత్తి మొనతో నల్ల క్యాసెట్టును విప్పేశాడు. మిగతా ఆటలు లోపల ఇరుక్కున్నాయేమోనని వాడి అనుమానం. లోపల బొటనవేలంత ఆకుపచ్చ ముక్క ఒకటి, దాని మీద నల్లటి చుక్క. మిగిలిన చోటంతా ఎండిన బంకమట్టి. ఆ మట్టి మధ్యలో ఒక ఇనుప బిళ్ళ. బరువు కోసం పెట్టారు. నిండుగా పలికింది ఆ మట్టే.

నాయన పని నుంచి వచ్చి, దుమ్ము చొక్కా విప్పకుండానే దాన్ని చూశాడు. మట్టిని గోటితో గీరాడు. ఇనుప బిళ్ళను అరచేతిలో వేసుకుని తూచాడు. తమ్ముణ్ణి తిట్టలేదు. మరుసటి రోజు పని మానేసి మొదట గిద్దలూరు పోయాడట. పసుపుది ఎవరో కొనుక్కుపోయారు. అక్కడి నుంచి అర్ధవీడు వైపు బస్సెక్కి మామ పల్లెకు పోయాడు. మామ అంతకుముందే గుంపుతో ఎక్కడికో పనికి పోయాడు, ఎక్కడికో ఇంట్లోవాళ్ళకే తెలియదు. నాయన చీకటి పడేవేళకు తిరిగొచ్చి, చెప్పులు విడిచి, అన్నం వద్దన్నాడు.

అప్పటి నుంచి ఆయన ఫ్యాక్టరీలో తట్టేవాడు గాని ఇంట్లో తట్టడం మానేశాడు. అమ్మ టెంకాయ చేతికిస్తే, "నువ్వే చూసుకో" అనేవాడు.

అంత జరిగినా మామ మాట నిజమని మాత్రం ఒప్పుకోలేదు. ఒకరోజు అమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "మట్టి ఉందని తేలిపాయె గదా. ఇంకా వాడేం చేసినాడని?"

"మట్టి ఉందంటే నా చెవి తప్పు. అంతవరకు ఒప్పుకుంటా. గుర్రం ఉందని ఎవరు చూసినారు?"

"ఉంటే?"

"ఉంటే అప్పుడు చెప్తాలే."

అంతే. మా ఇంట్లో ఆ మాట గడ్డకట్టిపోయింది. మామ తర్వాత పొదిలిలో కూరగాయల అంగడి పెట్టుకుని నిలదొక్కుకున్నాడు. నా పెళ్ళికి వచ్చాడు, చివరి వరసలో కూర్చుని, అక్షింతలు వేసి వెళ్ళిపోయాడు. ఎదురుపడితే "బాగున్నావా బావా" అనేవాడు, నాయన "ఆఁ" అనేవాడు. అమ్మ మంచాన పడ్డాక ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "ఆ గుర్రం ఉందో లేదో" అంది. అమ్మ పోయినప్పుడు మామ వచ్చి అన్నీ దగ్గరుండి చూశాడు. అంతా అయ్యాక మా గడప లోపలికి మాత్రం రాలేదు, వీధిలోనే నిలబడి, నీళ్ళు కూడా అడక్కుండా బస్సుకు పోయాడు.

మొన్న మధ్యాహ్నం మావాడు వెనక్కి జరిపి ఆ గుర్రం ఆట పెట్టాడు. ఫోన్ లాక్కుని నేనే ఆడాను. ఎన్నిసార్లు వాగులో పడ్డానో. "అమ్మా, చెత్త గేమిది, తీసేస్తా" అని వాడు సణుగుతూనే ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, చెత్తదే. గుర్రం మేకపిల్లలా ఉంది. కొండలు కొండలు కావు, మెట్లు. వెనక మూడే స్వరాలు టిక్కుటిక్కుమంటున్నాయి. ఇన్నేళ్ళు నా తలలో పరుగెత్తిన గుర్రం ఇదా అని గొప్ప నీరసం కమ్మింది. ఇంత దానికా మామ మా ఇంటికి దూరమైంది? ఇంత దానికా అమ్మ అట్లా అడిగింది? అప్పుడు నా అరచేతిలో మామ నొక్కి చూపించిన తీరు గుర్తొచ్చింది. అట్లాగే నొక్కాను. వాగు దాటింది. ఆఖరి మెట్టు కూడా దాటింది. ఇల్లు వచ్చింది. తలుపు తెరుచుకుని ముసిలామె బయటికొచ్చింది. చేతిలో నాలుగు పసుపు చుక్కలు. దీపం.

నాయన ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు, వసారాలో మంచం మీద మేలుకునే ఉన్నాడు. ఆ గొప్ప చెవులు పోయి చాలా ఏళ్ళయింది, ఎడమ చెవి దగ్గర అరిస్తే ఏదో కాస్త వినపడుతుంది. ఫోన్ ఆయన ముందు పెట్టి, "గుర్రం నాయనా, మామ చెప్పిన గుర్రం" అని అరిచాను. ఆయన లేచి కూర్చుని కళ్ళద్దాల కోసం తడుముకున్నాడు. చూశాడు. "మళ్ళీ ఆడు" అన్నాడు. మళ్ళీ ఆడాను. ముసిలామె మళ్ళీ వచ్చింది. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళ కొసల మీద నిలబెట్టి, నడిమివేలు మడిచి, వీపు మీద ఒక్కటి తట్టి, చెవి వంచాడు. ఏమీ వినపడలేదు కాబోలు, నా వైపు చూశాడు.

"వానికి ఫోన్ చెయ్యి" అన్నాడు.

స్పీకర్ పెట్టి చేశాను. మామ ఎత్తాడు. వెనకాల బేరాల గోల.

"మామా, గుర్రం ఆట దొరికింది" అన్నాను.

"ముసిలామె వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది మామా. దీపం పట్టుకొని."

"మీ నాయన చూసినాడా?"

నేను చెప్పేలోపే నాయన ఫోన్ లాక్కుని, వీధంతా వినపడేలా, "ఒరే, నికరమేరా. నువ్వు నికరమే" అన్నాడు.

మామ అన్నాడు, "ఇప్పుడా బావా చెప్పేది? అక్క ఉన్నన్నాళ్ళన్నా చెప్పకపోతివే."

నాయనకు వినపడలేదు. "ఏమంటన్నాడు?" అని నన్నడిగాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. కానీ మా ఇంట్లో ఇంక ఎవరూ ఎవరికీ కల్పించి చెప్పకూడదనిపించింది. ఆయన చెవి దగ్గర వంగి, "అమ్మ ఉన్నప్పుడన్నా చెప్పలేదే అంటన్నాడు నాయనా" అన్నాను.

ఆయన ఫోన్ వైపు చూశాడు. ముసిలామె ఉన్న తెర ఎప్పుడో ఆరిపోయింది, మామ పేరు మాత్రం కనపడుతోంది.

"చెప్పలేదు" అన్నాడు. "చెప్పలేదని చెప్పు."

నేను చెప్పే పని లేకపోయింది. మామ వింటూనే ఉన్నాడు.